‘కరెంటు పెట్టడం’ అంటే భయమెందుకు? – మెదడు పొరల గడ్డకు రేడియేషన్ వైద్యం

(మన సంఘం వార్షిక సమావేశంలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో ఆరోగ్య విభాగం వాళ్ళం నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. కిందటేళ్ళలో చక్కెర వ్యాధి గురించి, బి.పి. గురించి చెప్పుకున్నాం. ఈసారి ఎత్తుకున్న విషయం పేరు వినగానే కొందరికి గుండె దడ పుట్టవచ్చు. మెదడులో గడ్డ, దానికి కరెంటు పెట్టడం. ఉర్దూలో మనవాళ్ళు ‘సికాయీ’ అంటారు. డాక్టర్లు రేడియేషన్ అంటారు. పేరు ఏదైనా భయం ఒకటే. ఆ భయం వల్ల మన మధ్యనే ఒక కన్ను పోయింది. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాం. మేం డాక్టర్లం కాము. రోగుల వెంట దవాఖానాలకు తిరిగి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, చదివి గ్రహించినది మీ ముందు పెడుతున్నాం.

ముందు ఆ కథ చెప్పాలి. లాడ్ బజారు వెనక గల్లీలో ఉండే ఒక ఖాలా. ఆమె అనుమతి తీసుకునే చెబుతున్నాం, పేరు మాత్రం చెప్పం. పెళ్ళయి వచ్చిన నాటినుంచి లక్క గాజులమీద రాళ్ళు పొదగడం ఆమె పని. ఆ పనికి చెయ్యి ఎంత ముఖ్యమో కన్ను అంత ముఖ్యం. కొన్నేళ్ళ కింద ఎడమ కన్ను మసక బారింది. లక్క కాచే పొగవల్ల అనుకున్నారు. వయసు మీద పడిందన్నారు. అద్దాలు మార్చారు, మళ్ళీ మార్చారు. తరువాత ఒకరోజు పొద్దున్నే మూర్ఛ వచ్చింది. ‘మిర్గీ’ అన్నారు కొందరు. ‘అసర్ అయింది’ అన్నారు ఇంకొందరు. తాయెత్తు కట్టారు. రెండోసారి మూర్ఛ వచ్చినప్పుడు గాని స్కానింగుకు పోలేదు. కంటిగుంత వెనక ఎముకను ఆనుకొని నిమ్మకాయంత గడ్డ కనిపించింది. డాక్టర్లు దాని పేరు మెనింజియోమా అన్నారు. ఆపరేషన్ చేసి చాలావరకు తీశారు. కంటి నరాన్ని చుట్టుకున్న ముక్కను మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే చూపు పోతుంది. ‘ఆ మిగిలినదానికి రేడియేషన్ పెట్టించండి’ అని చీటీ వ్రాసి ఇచ్చారు.

ఆ చీటీ పద్నాలుగు నెలలు ఇనప్పెట్టెలో పడి ఉంది. ‘కరెంటు పెడితే మెదడు మాడిపోతుంది’ అని ఒకరు, ‘క్యాన్సరు దవాఖానాకు పోయినవాళ్ళు తిరిగిరారు’ అని ఒకరు అన్నారు. ఇక్కడ మేమొక మాట ఒప్పుకోవాలి. ఆ ఇంటివాళ్ళు సలహాకోసం మన సంఘానికి కూడా వచ్చారు. ‘ఆపరేషన్ బాగానే అయింది గదా, తొందరేముంది, చూద్దాం’ అన్నది మాలోని వాళ్ళమే. తెలియక అన్నాం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దని ఊరందరికీ చెప్పే వాళ్ళం, అక్కడ ఆ సామెత మరిచాం. పద్నాలుగు నెలల తరువాత చూస్తే మిగిలిన ముక్క పెరిగింది. ఎడమ కంటిచూపు పూర్తిగా పోయింది. కుడికంటి నరం వైపు గడ్డ జరుగుతోంది. అప్పుడు పరుగెత్తారు.

ఇంతకూ ఈ గడ్డ ఏమిటి? అక్రోటు కాయను తలుచుకోండి. పైన గట్టి పెంకు, లోపల పప్పు, పప్పుమీద పలచని పొర. మన తలలో కూడా పుర్రెకూ మెదడుకూ మధ్య పొరలుంటాయి, మూడు. ఆ పొరల కణాలనుంచి పుట్టేది మెనింజియోమా. అంటే అది మెదడు లోపల పుట్టిన గడ్డ కాదు, మెదడు కప్పుకున్న దుప్పటిలో పుట్టిన గడ్డ. బయటినుంచి లోపలికి నొక్కుతుంది. ఎక్కడ నొక్కితే అక్కడి పని చెడుతుంది. కంటి నరాన్ని నొక్కితే చూపు, చెయ్యి కాలు ఆడించేచోట నొక్కితే బలం, ఇంకోచోట నొక్కితే మాట. మూర్ఛలు రావచ్చు. తెల్లవారుజామున తలనొప్పి, వాంతి రావచ్చు. ఏ లక్షణమూ లేకుండా ఏళ్ళ తరబడి ఊరికే ఉండవచ్చు కూడా. మగవాళ్ళకంటె ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. అందుకే అక్కచెల్లెళ్ళు ఈ మాటలు శ్రద్ధగా వినాలని మనవి.

ఈ గడ్డలను మూడు తరగతులుగా విడదీస్తారు. నూటికి సుమారు ఎనభై మొదటి తరగతివి. ఇవి క్యాన్సరు కావు, నెమ్మదిగా పెరుగుతాయి. రెండో తరగతివి కొంచెం మొండివి, తీసేసినా మళ్ళీ వచ్చే గుణం ఎక్కువ. మూడో తరగతి క్యాన్సరు లాంటిదే, కాని చాలా అరుదు. తీసిన ముక్కను పరీక్షచేసి ఏ తరగతిదో చెబుతారు. ఆ కాగితం ఇంట్లో నిఖానామా ఎంత భద్రంగా దాచుకుంటారో అంత భద్రంగా దాచండి. తరువాత వైద్యమంతా దానిమీదనే నడుస్తుంది.

ఈ గడ్డకు మెనింజియోమా అని పేరు పెట్టినవాడు అమెరికాకు చెందిన మెదడు శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్, 1922లో. ఆయన దగ్గర వైద్యం పొందిన లియోనార్డ్ వుడ్ అనే సైన్యాధికారి సంగతి వైద్యగ్రంథాల్లో ప్రసిద్ధం. 1910లో కుషింగ్ ఆయన తలలోని గడ్డను తీశాడు. వుడ్ కోలుకొని అమెరికా సైన్యానికి అధిపతి అయ్యాడు, 1921 నుంచి ఫిలిప్పీన్స్‌కు గవర్నర్ జనరల్‌గా పనిచేశాడు. కాని గడ్డ మళ్ళీ పెరిగింది. 1927లో మళ్ళీ ఆపరేషన్ చేస్తే బతకలేదు. పదిహేడేళ్ళ తరువాత తిరిగి వచ్చిన గడ్డ అది. నేర్చుకోవలసినది ఏమిటంటే, ఈ రోగంలో ‘బాగైంది’ అన్న తరువాత కూడా కన్ను వేసి ఉంచాలి.

1957లో సింప్సన్ అనే వైద్యుడు లెక్క తీశాడు. గడ్డను మూలంతో సహా పూర్తిగా తీసినవాళ్ళలో నూటికి సుమారు 9 మందికి తిరిగి వచ్చింది. కొంత ముక్క మిగిలిపోయినవాళ్ళలో నూటికి సుమారు 40 మందికి తిరిగి వచ్చింది. మరి అంతా తీసెయ్యవచ్చు గదా అంటారేమో. కంటి నరం చుట్టూ, పెద్ద రక్తనాళాల చుట్టూ, పుర్రె అడుగున ఉన్నదాన్ని అంతా గీకి తీస్తే ప్రాణానికో చూపుకో ముప్పు. సరిగ్గా అక్కడే రేడియేషన్ అవసరం పడుతుంది. కత్తి పోకూడని చోటికి కిరణం పోతుంది.

ఇప్పుడు ‘కరెంటు’ అనే మాట సంగతి. ఇందులో రోగి ఒంటికి కరెంటు తగలదు. షాకు ఉండదు, మంట ఉండదు, మత్తు ఉండదు. ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు మీకేమైనా తెలిసిందా? ఇదీ అంతే. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టిన ఆ ఎక్స్‌రే జాతికే చెందిన కిరణాలు, బలం చాలా ఎక్కువ. యంత్రం కరెంటుతో నడుస్తుంది కనుక మన జనం ఆ పేరు పెట్టారు. ఈ కిరణాలు గడ్డ కణాల్లోని వంశసూత్రాన్ని తెంపుతాయి. ఆ కణం ఇక పిల్లలు పెట్టలేదు. పక్కనున్న మంచి కణాలకు కూడా కొంత దెబ్బ తగులుతుంది గాని, అవి రాత్రికి రాత్రి చాలావరకు మరమ్మతు చేసుకుంటాయి. అందుకే మొత్తం మోతాదు ఒక్కరోజే ఇవ్వకుండా కొంచెం కొంచెంగా ఇస్తారు. వారానికి అయిదు రోజులు, అయిదారు వారాలు. మొదటి తరగతి గడ్డకు సాధారణంగా మొత్తం 50 నుంచి 54 గ్రే. గ్రే అనేది కిరణాలకు కొలత, పాలకు లీటరు ఉన్నట్టు. మొండి తరగతులకు 60 వరకు పోతారు. మన ఖాలాకు రోజుకు 1.8 చొప్పున 28 రోజులు పెట్టారు, మొత్తం 50.4.

గడ్డ చిన్నదిగా, సాధారణంగా మూడు సెంటీమీటర్లలోపు ఉండి, కంటి నరానికి దూరంగా ఉంటే ఒక్కరోజులోనే ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని రేడియో సర్జరీ అంటారు. సర్జరీ అని పేరేగాని కత్తి లేదు. స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచన చేశాడు, 1968లో మొదటి గామా నైఫ్ యంత్రం స్టాక్‌హోంలో పనిలోకి వచ్చింది. మన దేశానికి అది 1997లో వచ్చింది, బొంబాయి హిందుజా ఆస్పత్రికీ ఢిల్లీ ఎయిమ్స్‌కూ. ఇప్పుడు మామూలు లీనియర్ యాక్సిలరేటర్ యంత్రాలతో కూడా ఇటువంటి వైద్యం చేస్తున్నారు. ఏ పద్ధతి మంచిదన్నది గడ్డ ఉన్న చోటును బట్టి, పరిమాణాన్ని బట్టి డాక్టరు తేలుస్తాడు. పక్కింటివాళ్ళకు ఒక్కరోజులో అయింది, మాకు ముప్పై రోజులెందుకని తగాదా పడవద్దు.

మొదటిరోజు ఏం జరుగుతుందో చెబితే సగం భయం పోతుంది. వేడినీళ్ళలో మెత్తబడిన జల్లెడలాంటి ప్లాస్టిక్ పలకను ముఖంమీద పరిచి ముసుగు తయారుచేస్తారు. కొన్ని నిమిషాల్లో అది గట్టిపడుతుంది. ఊపిరి బాగా ఆడుతుంది. తల కదలకుండా ఉండాలనే ఆ ముసుగు. తరువాత స్కానింగు తీసి, ఎటునుంచి ఎంత కిరణం పోవాలో లెక్క కడతారు. దానికి కొన్నిరోజులు పడుతుంది. ఆలస్యం చేస్తున్నారనుకోవద్దు, కంటి నరాన్ని తప్పించే లెక్క అది. తరువాత ప్రతిరోజూ బల్లమీద పది పదిహేను నిమిషాలు పడుకుంటే చాలు. గదిలో ఒంటరిగా ఉన్నా బయటినుంచి టీవీలో చూస్తూ ఉంటారు, చెయ్యి ఎత్తితే ఆపుతారు. ముసుగు వేసేటప్పుడు ఓఢ్నీ తియ్యాలి. మన ఆడవాళ్ళకు అది ఇబ్బందిగా ఉంటుంది. సంకోచం లేకుండా ‘ఆడవాళ్ళెవరైనా ఉంటే బాగుంటుంది’ అని ముందే అడగండి. అడగడం తప్పు కాదు, మానుకొని ఇంటికి రావడం తప్పు.

మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న: రేడియేషన్ పెట్టించుకున్న మనిషిని ముట్టుకోవచ్చునా, పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చునా? నిశ్చింతగా. బయటి యంత్రంనుంచి కిరణాలు పోయే ఈ వైద్యంలో రోగి ఒంట్లో ఏమీ మిగలదు. దీపం ఆర్పితే గదిలో వెలుగు మిగలనట్టే. ఒకే పళ్ళెంలో తినవచ్చు, నమాజులో భుజం భుజం కలిపి నిలబడవచ్చు.

అయితే బాధలే ఉండవని చెబితే అబద్ధం. కిరణం పోయినచోట జుట్టు ఊడవచ్చు. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి పలచగా వస్తుంది. చర్మం ఎర్రబారుతుంది. అలసట బాగా ఉంటుంది. గడ్డ చుట్టూ వాపు వచ్చి తలనొప్పి పెరిగితే డెక్సామెథసోన్ అనే మాత్ర ఇస్తారు. దానివల్ల రక్తంలో చక్కెర పెరుగుతుంది. మన ఇళ్ళలో చక్కెర వ్యాధి ఎంతమందికి ఉందో మీకు తెలుసు, కనుక ముందే చెప్పాలి. ఆ మాత్రను సొంతంగా ఒక్కసారి మానెయ్యకూడదు, ప్రమాదం. కొన్నేళ్ళ తరువాత కొందరికి జ్ఞాపకశక్తి కొంచెం తగ్గవచ్చు, మెదడు అడుగునున్న గ్రంథి పని మందగించవచ్చు. దానికి రక్తపరీక్షలు, మందులు ఉన్నాయి.

చదువుకున్న మన కుర్రవాళ్ళొకరు ఇంకో ప్రశ్న వేశారు. ‘రేడియేషన్ వల్లే మెనింజియోమా వస్తుందట గదా?’ అని. నిజమే. 1950ల ప్రాంతంలో ఇజ్రాయిల్‌లో వేలమంది పిల్లలకు తలమీది తామరకు ఎక్స్‌రే పెట్టారు. దశాబ్దాల తరువాత వాళ్ళలో ఈ గడ్డలు ఎన్నోరెట్లు ఎక్కువగా కనిపించాయి. దాన్నుంచే లోకం పాఠం నేర్చుకుంది. తామరకు మందు ఉండగా కిరణం పెట్టకూడదు, పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. కాని కళ్ళముందు పెరుగుతూ చూపును తినేస్తున్న గడ్డ ఉన్నప్పుడు తూకం వేరు. ఎన్నో ఏళ్ళకు కొద్దిమందికి రాగల ప్రమాదం ఒకవైపు, ఈ ఏడే పోయే కన్ను ఒకవైపు.

అలాగని గడ్డ కనిపించిన ప్రతివాళ్ళకూ రేడియేషన్ కావాలని కాదు. చిన్నది, బాధ పెట్టనిది, వేరే కారణానికి స్కానింగు తీస్తే కనిపించినది అయితే చాలాసార్లు ఊరికే కనిపెట్టి ఉంటారు. ఆరునెలలకో ఏడాదికో ఎం.ఆర్.ఐ. తీస్తారు. రెండో తరగతి గడ్డను పూర్తిగా తీసేశాక వెంటనే పెట్టాలా, ఆగి చూడాలా అన్నదానిమీద డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కనుక ‘ఆగుదాం’ అనడం ఎప్పుడూ తప్పని మేము అనడం లేదు. డాక్టరు ఆగమంటే అది వైద్యం, మనం భయపడి ఆగితే అది ఆలస్యం. తేడా అది.

ఫలితం ఎలా ఉంటుంది? మొదటి తరగతి గడ్డల్లో రేడియేషన్ తరువాత అయిదేళ్ళకు నూటికి తొంభైకి పైగా పెరగకుండా ఆగిపోయి ఉంటాయి. ‘ఆగిపోయి’ అన్నాం, ‘మాయమై’ అనలేదు. స్కానింగులో గడ్డ అలాగే కనిపిస్తుంది, కొంచెం చిక్కుతుందంతే. అది చూసి ‘డబ్బు దండగైంది’ అనుకోవద్దు. పరుగెత్తే గుర్రాన్ని కట్టేశారు, గుర్రం అక్కడే నిలబడి ఉంటుంది.

ఇక ఎక్కడికి పోవాలి? మన హైదరాబాదీల అదృష్టం ఏమంటే ఈ వైద్యం మనకు కొత్త కాదు, దూరమూ కాదు. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రి 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్ అనే పేరుతో మొదలైంది. ఆ అక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ పేరువి. హైదరాబాదు మంత్రిగా పనిచేసి, 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరు అయిన మన నగరవాసి. అది ప్రభుత్వ ఆస్పత్రి. పంజగుట్టలో నిమ్స్ ఉంది, నిజాంగారి ట్రస్టు సొమ్ముతో ఎముకల దవాఖానాగా పుట్టి ఇంత పెద్దదైంది. అక్కడ మెదడు శస్త్రవైద్యం, రేడియేషన్ రెండూ ఒకేచోట ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి తెలంగాణలో 2023 డిసెంబరునుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల హద్దు పెట్టారు. కార్డు ఉన్నవాళ్ళు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటిరోజే కలవాలి. క్యాన్సరు దవాఖానాకు పంపారంటే క్యాన్సరు వచ్చిందని అర్థం కాదు. ఆ యంత్రాలు ఉండేది అక్కడ, అంతే. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ దవాఖానామీద మనకెంత నమ్మకమున్నా, మూర్ఛ, చూపు మసక, ఒకవైపు బలహీనత కనిపిస్తే స్కానింగు ముందు, మిగతావన్నీ తరువాత.

రంజాన్ నెలలో కరెంటు మధ్యలో ఆపేస్తామనేవాళ్ళున్నారు. ఆపవద్దు. మధ్యలో రోజులు తప్పితే వైద్యం బలం తగ్గుతుంది. జబ్బుపడినవాళ్ళు రోజాలు తరువాత తీర్చుకోవచ్చునని మన ధర్మమే వెసులుబాటు ఇచ్చింది. మూర్ఛ మాత్రల వేళ గురించి డాక్టరును, రోజా గురించి ఆలిములను అడగండి, రెండింటికీ పేచీ లేదు.

ఖాలా సంగతి ముగిస్తాం. 28 రోజులు ఆమె కొడుకు పని మానుకోలేక, మనవాళ్ళు వంతులు వేసుకొని తీసుకుపోయారు. ఎం.జి.బి.ఎస్. దాకా ఆటో, అక్కడినుంచి మెట్రోలో లక్డీకాపూల్. పోయిన కన్ను రాలేదు. కుడికన్ను నిలిచింది. రాళ్ళు పొదగలేదుగాని, రంగులవారీగా రాళ్ళు ఏరి కోడలికి అందిస్తుంది. మొన్న మేము వెళితే, ‘ఆ చీటీ అప్పుడే పట్టుకుపోయి ఉంటే బాగుండేది గదా’ అంది. కోపంగా అనలేదు. అందుకే మాకు ఇంకా గుచ్చుకుంది.

కాబట్టి మన సంఘం ముందు రెండు కోరికలు పెడుతున్నాం. ఒకటి: వైద్యం విషయంలో సలహాకోసం వచ్చినవాళ్ళకు మనం సలహా ఇవ్వం. వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం, ఆ వారంలోనే. రెండు: అయిదారు వారాలు రోజూ దవాఖానాకు తిరిగే రోగికి ఆటో, మెట్రో ఖర్చు, వెంట ఒక మనిషి, ఇవి సంఘం బాధ్యత. దీనికి పేర్లు ఇచ్చేవాళ్ళు సభ అయ్యాక ద్వారం దగ్గర పుస్తకంలో వ్రాయండి. పెద్ద చందా అక్కరలేదు, వారానికి ఒక పూట చాలు.

వచ్చే ఏడు ఇదే వేదికమీద నిలబడి, ‘ఈ ఏడు ఏ చీటీ కూడా ఇనప్పెట్టెలో పడి ఉండలేదు’ అని చెప్పగలిగితే మా పని నెరవేరినట్టు.